టీచరుగారు భజనకు రావడం ఎందుకు మానేశారు: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

హైదరాబాద్ శివారులోని ఒక రిటైర్మెంట్ కమ్యూనిటీలో ప్రోగ్రాం కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. చదివింది సోషల్ వర్క్. మా దగ్గర 110 మంది దాకా పెద్దవాళ్లు ఉంటారు. నెల మొదలయ్యే ముందు క్యాలెండర్ వేయడం, నెలాఖరుకు ఎవరెవరు దేనికి వచ్చారో రిజిస్టరు చూసి లెక్క తీయడం నా పనుల్లో ముఖ్యమైనవి. ఈ కేసు రాయడానికి కారణం ఆ రిజిస్టరే. జవాబు రెండు నెలలుగా అందులోనే ఉంది. నేను చూసింది మాత్రం "ఎంతమంది వచ్చారు" అన్న అంకె ఒక్కటే.

ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, పనిచేసిన చోటు, కుటుంబం వివరాలు మార్చాను. ఇక్కడ అందరూ ఆవిడను టీచరుగారు అంటారు, నేనూ అలాగే అంటాను. మా దగ్గర రిటైరైన టీచర్లు పది మందికి పైనే ఉన్నారు, ఫలానా అని పోల్చుకోవడం కుదరదు.

వయసు 76. ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెప్పారు. భర్త పోయి నాలుగేళ్లు. కొడుకు వేరే నగరంలో, కూతురు అమెరికాలో. ముగ్గురిని కన్నారు, ఒక బిడ్డ చిన్నప్పుడే పోయింది. బీపీ పాతదే. మోకాళ్ల నొప్పుల వల్ల చేతికర్ర. జూన్‌లో చేరినప్పుడు సొంతంగా తెచ్చుకున్నవి రెండు పెట్టెల పుస్తకాలు, ఒక పడక్కుర్చీ, తులసికోట.

మా నెల ఎలా గడుస్తుందో కొంచెం చెప్పాలి. ఒకటో తారీకు నుంచి ఓ నాలుగు రోజులు పింఛను రోజులు. ఎవరి ఫోనుకు మెసేజ్ వచ్చింది, ఎవరికి రాలేదు, ఇదే మాట. అప్పుడు ఏ ప్రోగ్రాం పెట్టినా దండగ. రెండో శనివారం తంబోలా. ఏకాదశులు రెండింటికీ సాయంత్రం 4 గంటలకు భజన, పౌర్ణమికి సత్యనారాయణ వ్రతం. మూడో వారంలో బీపీ, షుగరు చూసే హెల్త్ డే. నెలాఖరు శనివారం, ఆ నెలలో పుట్టినవాళ్లందరికీ కలిపి గుడ్డు లేని కేకు ఒకటి. మధ్యలో కుర్చీ యోగా, ఆదివారం సినిమా, కింద లైబ్రరీలో పద్యాల కూటమి, రెండు నెలలకోసారి గుడికి బస్సు. వీటిమీద మళ్లీ పండగల వరస: శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, దసరా ముందు బతుకమ్మ, కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు. నవంబరులో కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్లు, అదీ మాకు పండగ లాంటిదే. ముఖం గుర్తుపట్టే యాప్ ముందు కళ్లజోళ్లు తీసి అందరూ వరసగా కూర్చుంటారు.

టీచరుగారు మొదటి మూడు నెలలూ దాదాపు అన్నిటికీ వచ్చారు. భజనలో గొంతు ఆవిడదే. వరలక్ష్మీ వ్రతానికి కథ చదివిందీ ఆవిడే.

సమస్య

వినాయక చవితికి కొడుకు ఇంటికి వెళ్లి పది రోజులుండి వచ్చారు. ఆ తర్వాత తగ్గడం మొదలైంది. ఆగస్టులో 22 కార్యక్రమాలకు వచ్చిన మనిషి సెప్టెంబరులో 9కి, అక్టోబరులో 4కి వచ్చారు. అడిగితే "ఒంట్లో బాగోలేదమ్మా" అనో, "పుస్తకం మధ్యలో ఉన్నాను" అనో జవాబు. తలుపు సగమే తీసేవారు. ఎవరినీ కూర్చోమనేవారు కాదు.

ఇలాంటప్పుడు మా రంగంలో అందరికీ ముందు తట్టేది డిప్రెషన్. కొడుకింటికి వెళ్లి వచ్చాక మనసు పాడైందనీ, అక్కడేదో మాట అనుంటారనీ మా స్టాఫ్ అప్పుడే కథ అల్లేశారు. నేనూ దాన్నే పట్టుకున్నాను. వృద్ధాశ్రమం, దూరాన పిల్లలు, ఒంటరి తల్లి అనగానే ఆ కథ దానంతట అదే తయారవుతుంది. కథ తయారయ్యాక ఎదురుగా ఉన్నవి కూడా కనపడవు.

మొదట చేసినవి, ఎందుకు చేశానో

పిలుపుతో మొదలుపెట్టాను. మైకులో చెప్పడం కాకుండా ఎవరైనా గదికి వెళ్లి తీసుకొస్తే మొహమాటానికైనా వస్తారని లెక్క. చాలామంది విషయంలో ఇది పనిచేస్తుంది. టీచరుగారు రెండుసార్లు వచ్చి, పది నిమిషాలు గుమ్మం దగ్గర నిలబడి వెళ్లిపోయారు. కూర్చోమని కుర్చీ వేస్తే కూర్చోలేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి కుర్చీ వద్దంటోంది, ఎందుకని నేను ఆలోచించలేదు.

తర్వాత బాధ్యత అప్పజెప్పి చూశాను. ఊరికే వచ్చి కూర్చోమంటే రానివాళ్లు తమ అవసరం ఉందంటే వస్తారు. అక్టోబరు మూడో వారంలో అవధానం గురించి ముప్పావుగంట మాట్లాడమని అడిగాను. సంతోషంగా ఒప్పుకున్నారు. వారం రోజులు నోట్సు రాసుకున్నారు. సమస్యాపూరణలు ఏవేవి చెప్పాలో నాతో చర్చించారు. కళ్లలో వెలుగు వచ్చింది, ఇక దారిలో పడ్డట్టే అనుకున్నాను. తీరా ఆ రోజు మూడున్నరకు కడుపునొప్పి అన్నారు. హాల్లో నలభై మంది ఎదురుచూస్తున్నారు. నాకు కోపం వచ్చింది, దాచను. ఇప్పుడు ఆలోచిస్తే, డిప్రెషన్ అన్న నా అనుమానం అక్కడే సడలాల్సింది. ఉత్సాహం లేని మనిషి వారం పాటు అంత ఇష్టంగా నోట్సు రాయదు. ఆవిడకు మాట్లాడాలని ఉంది. హాల్లోకే రాలేకపోయారు. ఈ రెండూ వేర్వేరని నాకు తట్టలేదు.

మూడోది కూతురితో చెప్పించడం. నేను చేసినవాటిలో పెద్ద తప్పు ఇదే. కూతురు రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తుంది. "అమ్మ దేనికీ రావట్లేదు, మీరు కాస్త చెప్పండి" అని మెసేజ్ పెట్టాను. ఆ అమ్మాయి టెన్షన్ పడి ప్రతి ఫోనులోనూ "ఇవాళ దేనికి వెళ్లావు?" అని అడగడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ఆవిడకు రోజంతటిలో హాయిగా గడిచే అరగంట అది. నా పుణ్యమా అని అదీ హాజరుపట్టీ అయింది. వారం తిరిగేసరికి టీచరుగారు ఫోను రెండు మాటల్లో ముగించేస్తున్నారని తెలిసింది.

నాలుగోది పరీక్ష. పెద్దవాళ్ల డిప్రెషన్ పసిగట్టడానికి 15 ప్రశ్నల స్కేలు ఒకటి వాడతాం. 5 దాటితే మరింత చూడాలని అర్థం. ఆవిడకు 8 వచ్చింది. మానసిక వైద్యులు వచ్చి చూశారు. అంతకుముందే తీసిన రక్తపరీక్షలో సోడియం కాస్త తక్కువగా ఉంది. డిప్రెషన్‌కి ఇచ్చే మాత్రల్లో కొన్ని పెద్దవాళ్లలో సోడియంను ఇంకా తగ్గిస్తాయి, పైగా ఆవిడ వాడే మందుల్లో నీరు తీసే మాత్ర ఉంది. అందుకని డాక్టరుగారు మందు మొదలుపెట్టకుండా, ముందు సోడియం సంగతి చూడమని రాసి వెళ్లారు. అది ఆవిడ అదృష్టం. ఆ కాగితంలో "నీరు తీసే మాత్ర" అన్న మాట నేనూ చదివాను. చదివి ఫైల్లో పెట్టేశాను.

ఆ స్కేలు గురించి ఒక మాట. అందులో "మీ పనులు, ఇష్టాలు చాలావరకు మానుకున్నారా" అన్న అర్థంలో ఒక ప్రశ్న ఉంటుంది. "బయటికి వెళ్లడం కంటే ఇంట్లో ఉండటమే మేలనిపిస్తోందా" అన్నట్టు ఇంకొకటి. నిస్సహాయంగా ఉందా అని మరొకటి. గది దాటితే పరువు పోతుందని భయపడే ఏ మనిషైనా మనసు ఎంత బాగున్నా ఈ మూడింటికీ అవుననే అంటుంది. స్కేలును తప్పుపట్టను. మార్కులు కూడి, ఏ ప్రశ్నకు ఎందుకు అవునన్నారో అడగకుండా వదిలేసింది నేను.

పడిన రాత్రి

కార్తీకంలో ఒక రాత్రి రెండున్నరకు బాత్రూం గుమ్మం దగ్గర పడ్డారు. ఎముక విరగలేదు, మణికట్టు బెణికింది. మర్నాడు పరీక్ష చేయిస్తే యూరిన్ ఇన్‌ఫెక్షన్ ఉందన్నారు, కోర్సు వాడారు. నీళ్లు బాగా తాగమని నర్సు చెప్పింది. ఘటన ఫారం నింపింది నేనే. కారణం అన్న గడిలో "తడి నేల" అని రాశాను. అర్ధరాత్రి బాత్రూం గుమ్మంలో పడిన మనిషి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నీళ్లు తక్కువ తాగడం, వీటిని ఒకే కాగితంమీద రాసి కూడా ఒకదానితో ఒకటి కలపలేదు. వనభోజనాలకు ఆవిడ రాకపోతే చేతినొప్పి వల్ల అనుకున్నాం.

మేనేజ్‌మెంట్ రాత్రిపూట ఒక ఆయాను గదిలో పడుకోబెడదామంది. టీచరుగారు ససేమిరా అన్నారు. ఎప్పుడూ లేనంత గట్టిగా అన్నారు.

తీగ దొరికింది

నవంబరు చివర్లో, ఆ అంతస్తు చూసే ఆయా కాఫీ దగ్గర నాతో మాటవరసకు అంది: "ఆ అమ్మగారు లాండ్రీకి బట్టలేస్తలేరు మేడం. పొద్దుగాల నాలుగింటికే లేచి చీరలు పిండుకుంటున్నరు. చెయ్యి బాగలేదు గదా, నేను పిండుత అంటే ఇయ్యరు."

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"వినాయకచవితి కాడికెల్లి."

మా వారం మీటింగులో డాక్టరు, నర్సు, ఫిజియో, నేను కూర్చుంటాం. ఆయాలను పిలవం. రెండు నెలలుగా మేం నలుగురం వెతుకుతున్నది ఆ అమ్మాయికి మొదటివారమే కనపడింది, ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం మూడు నెలల రిజిస్టర్లు ముందేసుకున్నాను. ఈసారి ఎన్నింటికి వచ్చారని కాకుండా, వేటికి వచ్చారు, అవి ఎక్కడ జరిగాయి, ఎంతసేపు సాగాయి అని రాసుకున్నాను. మానేసినవి: భజన, వ్రతం, తంబోలా, సినిమా, గుడి బస్సు. అన్నీ గంటన్నర, ఆపైన సాగేవి. బస్సు తప్ప మిగతావన్నీ పై అంతస్తు హాల్లో జరిగేవి, ఎక్కువ భాగం మధ్యాహ్నం మూడు తర్వాతవి. మానకుండా వచ్చినవి: లైబ్రరీలో పద్యాల కూటమి. అది కింద, ఉదయం ఏడింటికి, అరగంట మాత్రమే. లైబ్రరీ పక్క తలుపే బాత్రూం.

లేచి హాల్లోకి వెళ్లాను. మూడో వరస మధ్య కుర్చీలోంచి లేచి బాత్రూం దాకా నడిచాను. నా నడకకు 46 అడుగులు. చేతికర్రతో ఆవిడ నడకకు నిమిషం పైనే పడుతుంది. దానికి ముందు ఐదుగురి మోకాళ్లు దాటాలి. చివర్న తలుపు స్ప్రింగుది, రెండు చేతులతో తోస్తే గానీ తెరుచుకోదు. ఆవిడకు ఒక చేతిలో కర్ర, రెండో చెయ్యి బెణికింది.

అడగడం

ఎలా అడగాలన్నది రెండు రోజులు తేలలేదు. నేరుగా అడిగితే "అలాంటిదేం లేదు" అంటారు, ఆ తర్వాత మళ్లీ అడగడానికి తలుపు మూసుకుపోతుంది. నర్సు చేత అడిగిస్తే జబ్బు ముద్ర పడుతుంది. ఆయా చెప్పిందని తెలిస్తే ఆ అమ్మాయిని ఇక గదిలోకి రానివ్వరు. కూతురి ద్వారా అన్నది మళ్లీ తలపెట్టలేదు. చివరికి తప్పును ఆవిడమీంచి తీసి హాలుమీద పెడదామనుకున్నాను.

వెళ్లి పడక్కుర్చీ పక్కన నేలమీద కూర్చుని, "టీచరుగారూ, హాలు పైన పెట్టడం మా పొరపాటు. బాత్రూం ఆ చివర ఉంది, మధ్యలో లేవాలంటే అందరినీ దాటుకుని వెళ్లాలి. చాలామంది ఇబ్బంది పడుతున్నారు. మార్చాలనుకుంటున్నాను, మీరేమంటారు?" అన్నాను.

కాసేపు కిటికీలోంచి చూశారు. "ఎవరన్నారు?"

"పేర్లు చెప్పను." చెప్పడానికి పేర్లు లేవు. అప్పటికి అది అబద్ధమే.

"నా పేరూ చెప్పవుగా?"

ఆ తర్వాత అరగంట ఆవిడే మాట్లాడారు. సెప్టెంబరు ఏకాదశి భజనలో లేవాలనిపించింది, ఆగుదామనుకున్నారు, ఆగలేదు. "హారతి అయ్యేదాకా కదల్లేదమ్మా. అందరూ వెళ్లాక లేచాను. దేవుడి ముందు ఆ బట్టలతో తీర్థం పుచ్చుకున్నాను." నేను ఊహించని మాట అదే. పదిమందిలో సిగ్గు అన్నంతవరకు నాకు అందింది, మడి సంగతి అందలేదు. మడి పోయాక వ్రతానికి కూర్చోవడం ఆవిడ దృష్టిలో తప్పు. నేనేమో ఆ రెండు నెలలూ ఆవిడను ప్రత్యేకంగా పూజలకే పిలుస్తున్నాను, ఆవిడకు ఇష్టమని.

మధ్యాహ్నం పన్నెండు దాటాక నీళ్లు ముట్టడం మానేశారట. టీ సగం కప్పు. దాంతో మలబద్ధకం. రాత్రి నాలుగుసార్లు లేవడం. ఎవరూ గదిలో కూర్చోకూడదన్నది వాసన వస్తుందేమో అన్న భయంతో. మా నర్సు నీళ్లు బాగా తాగమన్నప్పుడల్లా తలూపి, గ్లాసు తులసికోటలో పోసేవారు.

చేసినవి: ఒకటి చెడింది, మిగతావి నిలిచాయి

ముందు చెడింది చెప్తాను. మర్నాడే తొందరపడి, ప్యాడ్లుంటే ధైర్యంగా ఉంటుందని మెడికల్ షాపుకు ఫోన్ చేశాను. వాళ్లు పెద్దవాళ్ల డైపర్ల పెట్టె ఒకటి, పైన బొమ్మతో సహా, ఆవిడ ఫ్లాట్ నంబరు రాసి సెక్యూరిటీ దగ్గర దింపారు. సాయంత్రం నడకకు వెళ్లే వాళ్లంతా దాన్ని దాటుకునే వెళ్లారు. టీచరుగారు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు అలాంటివన్నీ నా పేరున, ఆఫీసు అడ్రసుకు, మామూలు అట్టపెట్టెలో వస్తాయి. మా ఆఫీసులో ఆ మాట కూడా వాడం, ప్యాడ్ అనే అంటాం.

మూడో రోజు క్షమాపణ చెప్పాక, మా డాక్టరుతో మాట్లాడతారా అని అడిగాను. మగ డాక్టరుతో ఈ సంగతి మాట్లాడనన్నారు. అయితే మాట్లాడకండి, రాయండి అన్నాను. మూడు రోజులపాటు ఎన్నింటికి ఎంత తాగారు, ఎన్నింటికి ఒంటికి వెళ్లారు, ఎప్పుడు అందుకోలేకపోయారు, ఇవి గడులు గీసి రాయడం. వైద్యంలో ఇది మామూలు పద్ధతే. టీచరుగారు కాగితానికి "జలపద్దు" అని పేరు పెట్టి, తాగింది జమ కింద, పోయింది ఖర్చు కింద రాశారు. దస్తూరి ముత్యాల్లా ఉంది. రెండు నెలల తర్వాత ఆవిడ చేసిన మొదటి హాస్యం అది.

పద్దులో రెండు గుంపులు స్పష్టంగా కనపడ్డాయి: ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా, మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర దాకా. నర్సు మందుల చార్టు పక్కన పెట్టింది. నీరు తీసే ఫ్యూరోసెమైడ్ ఉదయం ఎనిమిదిన్నరకు ఒకటి, మధ్యాహ్నం రెండింటికి ఒకటి ఇస్తున్నాం. నోటితో వేసుకుంటే గంటలోపే పని మొదలుపెట్టి, ఒకటి రెండు గంటలకు దాని బలమంతా చూపిస్తుంది. అంటే ఆవిడకు రెండింటికి మాత్ర ఇచ్చి, నాలుగింటికి భజనలో గంటన్నర కదలకుండా కూర్చోమని పిలుస్తున్నది మేమే.

డాక్టరుగారు అక్కడ ఆగలేదు. మాత్ర వేళ మార్చడం సులభం, కానీ అసలు ఈ మాత్ర ఎందుకొచ్చింది అని ఫైలు వెనక్కి తిప్పారు. ఆగస్టులో బయట ఒక ఆసుపత్రిలో బీపీ ఎక్కువుందని అమ్లోడిపిన్ 5 నుంచి 10 మిల్లీగ్రాములు చేశారు. ఆ మందు మోతాదు పెరిగేకొద్దీ పాదాలు వాచడం చాలామందిలో చూస్తాం. కొడుకింట్లో ఉండగా పాదాలు వాచాయి. అక్కడి డాక్టరుకు పాత చీటీ చూపలేదు, వాపు చూసి నీరు తీసే మాత్ర రాశారు. రెండు చీటీలు, రెండు ఊళ్లు. మేం రెండింటినీ ఒకే డబ్బాలో వేసి బుద్ధిగా ఇస్తూ వచ్చాం. పగలు కాళ్లలో చేరిన నీరు పడుకున్నాక వెనక్కి రక్తంలోకి వస్తుంది కాబట్టి రాత్రి లేవడం కూడా దాని వల్ల పెరుగుతుందని ఆయన చెప్పాకే తెలిసింది.

గుండె, కిడ్నీ పరీక్షలు చేయించి, వాపుకు వేరే కారణం లేదని తేల్చుకున్నాక అమ్లోడిపిన్ తగ్గించారు. బీపీకి టెల్మిసార్టాన్ కలిపి, నీరు తీసే మాత్రను మెల్లగా ఆపారు. రెండు వారాలు రోజూ బీపీ చూశాం, రక్తపరీక్ష మళ్లీ చేయించాం, సోడియం మామూలుకొచ్చింది. ఇది ఆవిడ పరీక్షలు చూసి చేసిన మార్పు. చదివి ఎవరూ ఇంట్లో మాత్రలు మార్చుకోవద్దు, గుండె జబ్బుంటే ఆ మాత్రే ప్రాణం నిలబెడుతుంది. మూత్రం ఆపుకోవడానికి మందులున్నాయి కదా అని నేనడిగాను. వాటిలో చాలావాటితో పెద్దవాళ్లకు మతిమరుపు, మలబద్ధకం వస్తాయి, ముందు మిగతావి చూద్దామన్నారు.

మూడు వారాలకు బాత్రూంకి వెళ్లే లెక్క పగలు 13 నుంచి 8కి, రాత్రిది 4 నుంచి 2కి దిగింది. పాదాల వాపు పోయింది. దగ్గితే, తుమ్మితే చుక్క పడటం మాత్రం మిగిలింది. దానికి మా ఫిజియో అమ్మాయి కటి కండరాల వ్యాయామం నేర్పింది. కింది నుంచి గాలి పోకుండా ఆపుకున్నట్టు లోపలికి బిగించి, ఐదు లెక్కపెట్టి వదలడం, పదిసార్లు, రోజుకు మూడు పూటలు. ఫలితానికి కనీసం రెండు మూడు నెలలు పడుతుందని ముందే చెప్పాం, లేకపోతే వారానికే మానేస్తారు. టీచరుగారు అంకెలు లెక్కపెట్టలేదు. మనసులో తేటగీతి పాదం ఒకటి చదివేంతసేపు బిగబట్టేవారు. ఒక నెలయ్యాక "ఇప్పుడు సీసపాదానికి వచ్చాను" అన్నారు. సీసపాదం ఎంత పొడుగో తెలిసినవాళ్లకు ఆ అభివృద్ధి అర్థమవుతుంది.

నీళ్లు తాగించడమే అన్నిటికన్నా కష్టమైంది. తక్కువ తాగితే మూత్రం చిక్కబడి ఇంకా తొందరపెడుతుందని చెప్తే నమ్మలేదు. పద్దులో ఆవిడ అంకెలే చూపించాం. సాయంత్రం ఆరు దాకా బాగా తాగడం, తర్వాత తగ్గించడం అన్న ఒప్పందానికి వచ్చారు.

క్యాలెండర్‌లో చేసిన మార్పులు

ఇది పూర్తిగా నా వంతు. ఆవిడకోసం ప్రత్యేకంగా ఏది చేసినా పదిమందికి తెలిసిపోతుంది, కాబట్టి ఏం చేసినా అందరికీ అన్నట్టే చేయాలి.

భజనను కింది హాలుకు దించాను. గంటన్నర భజనను రెండు ముక్కలు చేసి మధ్యలో పది నిమిషాలు టీ. ఆ పది నిమిషాల్లో అందరూ లేస్తారు, కాబట్టి ఎవరు ఎందుకు లేచారన్నది ఎవరికీ పట్టదు. కుర్చీల వరసలు మధ్యకు విడదీసి దారి వదిలాం. సినిమాల విషయంలో నా తెలివికి నాకే నవ్వొచ్చింది. మనవాళ్లు జీవితమంతా ఇంటర్వెల్‌తో సినిమా చూసినవాళ్లు. ఓటీటీలో పెడితే ఆ ఇంటర్వెల్ కార్డు తెరమీద వచ్చి వెళ్లిపోతుంది, సినిమా ఆగదు, మేమూ ఆపేవాళ్లం కాదు. ఇప్పుడు లైట్లు వేసి, పాప్‌కార్న్ బదులు మరమరాలు పంచుతున్నాం.

అసలు మలుపు ధనుర్మాసంలో వచ్చింది. తిరుప్పావైలో 30 పాశురాలు, రోజుకొకటి. ఏటా మేం ఆదివారాల్లో కలిపి రెండేసి గంటలు పెట్టేవాళ్లం. ఈసారి రోజూ ఉదయం ఆరున్నరకు లైబ్రరీలో ఒక పాశురం, దాని అర్థం తెలుగులో, మొత్తం ఇరవై నిమిషాలు అని వేశాను. అర్థం టీచరుగారు చెప్పాలి. ఇక్కడ నేను వేసిన లెక్క: అక్టోబరులో బాధ్యత ఇచ్చినప్పుడు చెడింది బాధ్యత వల్ల కాదు, చోటు, వేళ, నిడివి వల్ల. ఆ మూడూ మార్చి మళ్లీ అదే బాధ్యత ఇస్తే తెలిసిపోతుంది. మొదటి రోజు ఆవిడ స్నానం చేసి, తడి జుట్టుతో, ఆరుంబావుకే వచ్చి తలుపు పక్క కుర్చీలో కూర్చున్నారు. 30 రోజుల్లో రెండే నాగాలు, రెండూ జలుబు వల్ల. సంక్రాంతి తర్వాత ఆ 15 ప్రశ్నలు మళ్లీ అడిగితే 3 వచ్చింది. ఉగాదికి అవధానం ప్రసంగం చేశారు. ముప్పావుగంట అడిగితే గంటా పది నిమిషాలు మాట్లాడారు, నేనే చీటీ పంపి ఆపాల్సి వచ్చింది.

ఇప్పుడు ఎలా ఉంది

అంతా సర్దుకుందని చెప్పను. వ్రతానికి ఇప్పటికీ కూర్చోరు, వెనక నిలబడి కథ విని తీర్థం తీసుకుంటారు. అది ఆవిడ నిర్ణయం, నేను ఒప్పించే ప్రయత్నం చేయలేదు. దూరం వెళ్తే ప్యాడ్ వాడతారు. పై హాలు బాత్రూంకి ఆ స్ప్రింగు తలుపు ఇంకా అలాగే ఉంది, వచ్చే బడ్జెట్లో మారుస్తామంటున్నారు. కూతురికి ఎంత చెప్పాలో టీచరుగారే తేల్చుకుని, "బీపీ మాత్ర పడలేదు, మార్చారు" అన్నంతే చెప్పారు. నేను మాత్రం హాజరు గురించి పిల్లలకు మెసేజ్ పెట్టడం పూర్తిగా మానేశాను.

"చాలామంది ఇబ్బంది పడుతున్నారు" అని నేనాడిన అబద్ధం సంగతి. హెల్త్ డే నాడు నర్సు ఒక్కొక్కరినీ విడిగా, బీపీ చూస్తూనే, బాత్రూంకి అందుకోవడంలో ఇబ్బంది ఉందా అని అడగడం మొదలుపెట్టింది. ఆడవాళ్ల సంగతి కొంత ఊహించాను. మగవాళ్లు ఇంతమంది ఉంటారనుకోలేదు, చాలామందికి ప్రొస్టేట్. ఎప్పుడూ వెనక తలుపు పక్కనే నిలబడే ఒక రైల్వే రిటైరీ గురించి నేను రెండేళ్ల కిందటే ఫైల్లో "కలుపుగోలుగా ఉండరు" అని రాసి ఉన్నాను. ఆ వాక్యం కొట్టేశాను.

వారం మీటింగుకు ఇప్పుడు అంతస్తుకొక ఆయా వస్తుంది. మొదటి రెండు వారాలు నోరు విప్పలేదు. మూడో వారం నుంచి మాకు మాట్లాడే వంతు రావట్లేదు. కొత్తగా ఎవరైనా చేరినా, ఎవరి మందు మారినా, నర్సు ఆ చీటీ నకలు నాకూ ఇస్తుంది. క్యాలెండర్ వేసేటప్పుడు పక్కన పెట్టుకుంటాను. హాజరు తగ్గినవాళ్ల పేర్ల ఎదురుగా కారణం అని ఒక గడి ఉండేది. దాన్ని తీసేసి ఎక్కడ, ఎన్నింటికి, ఎంతసేపు అని మూడు గడులు గీశాను.

క్యాలెండర్‌లో ఇంకొక వరస కూడా చేరింది. ప్రతి కార్యక్రమం కింద చిన్న అక్షరాల్లో "బాత్రూం: పక్కనే" లేదా "అదే అంతస్తు" అని ఉంటుంది. ఈ కేస్ స్టడీ టీచరుగారికి చదవమని ఇచ్చినప్పుడు రెండు చోట్ల నా తెలుగు దిద్ది, "ఊరు మార్చావుగా?" అని అడిగి, పక్కనే ఉన్న వచ్చే నెల క్యాలెండర్ తీసుకుని చూశారు. యాదగిరిగుట్ట బస్సు ఎదురుగా ఆ వరస ఖాళీగా ఉంది. "ఇక్కడేం రాస్తావమ్మాయ్?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మంగళవారం డ్రైవరును వెంటబెట్టుకుని, దారిలో ఎక్కడెక్కడ ఆగవచ్చో, బస్సు దిగిన చోటునుంచి ఎన్ని అడుగులో చూసి రావడానికి నేనే గుట్టకు వెళ్లాను.